రాడ్ల పొయ్యిలో పప్పుచారు

భిలాయి పక్కనున్న రిసాలిలో ఇంద్రాణి కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. టీ నిలబడే తాగుతుంది, ఫోన్ నడుస్తూనే మాట్లాడుతుంది, సీరియల్ చూసినా వంటింటి గుమ్మంలో నిలబడే చూస్తుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ జోగమ్మ "కాలుగాలిన పిల్లి" అని తిట్టేది. ఇప్పుడు నలభై ఆరేళ్ళొచ్చాయి, ఆ కాలు ఇంకా చల్లారలేదు. ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, రోజంతా ఒక పొయ్యికి కాపలా కాయడం.

అది వంటపొయ్యి కాదు. భిలాయి ఇండస్ట్రియల్ ఏరియాలో, క్రేన్లకు వేలాడే కొక్కేలూ బీములూ చేసే ఒక వర్క్‌షాపు ఉంది. అక్కడ వెల్డింగ్ రాడ్లను వేడిగా ఉంచే ఓవెన్ అది. పేరుకు ఓవెనే గానీ అందరూ పొయ్యి అనే అంటారు. నిజానికి రెండున్నాయి. పెద్దదాంట్లో మూడొందల యాభై డిగ్రీల దగ్గర రెండు గంటలు రాడ్లను కాలుస్తారు. తర్వాత చిన్నదాంట్లోకి మార్చి, వెల్డరు వచ్చి అడిగేదాకా నూట ఇరవై దగ్గర అట్టేపెడతారు. ఎవరికి ఎన్ని ఇచ్చిందీ, ఏ పనికి ఇచ్చిందీ ఇంద్రాణి రాసుకుంటుంది. నాలుగు గంటల్లో వాడని రాడ్లను వెనక్కి లాక్కుంటుంది. లాక్కోవడమంటే లాక్కోవడమే, చేతిలోంచి.

ఇంత హడావిడి ఎందుకంటే, ఆ రాడ్ల పైపూత వానాకాలంలో మూత తీసి వదిలేసిన అప్పడం లాంటిది. గాల్లో ఉన్న చెమ్మనంతా తాగేస్తుంది. ఆ చెమ్మ వెల్డింగ్ మంట తగలగానే విడిపోయి అందులోంచి హైడ్రోజన్ బయటికొస్తుంది. కొత్తగా చేరిన ప్రతి వెల్డరుకీ ఇంద్రాణి ఈ పాఠం చెప్పి తీరుతుంది, వాడు విన్నా వినకపోయినా. హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఉన్న మూలకాలన్నిటిలోకీ తేలికైనదీ చిన్నదీ అదే. అంత చిన్నది కాబట్టి కరిగి ఉన్న ఉక్కులోకి సులువుగా దూరిపోతుంది. ఉక్కు గడ్డకట్టాక దానికి అక్కడ చోటు చాలదు, బయటికి దారీ దొరకదు. విడివిడిగా దూరిన పరమాణువులు లోపల జతలు కట్టి, సందుల్లో చేరి, గోడల్ని నెడుతూ కూర్చుంటాయి. వెల్డు చేసిన రోజు ఏమీ కనిపించదు. ఒక రోజు గడిచాకో, రెండు రోజులు గడిచాకో, ఎవరూ చూడని వేళ ఇనుము పగులుతుంది. అందుకే మందపాటి పనులకి నలభై ఎనిమిది గంటలు ఆగి పరీక్ష చెయ్యాలని నియమం పెట్టారు.

ఇదంతా ఆమెకు ఉద్యోగంలో చేరాక తెలిసింది కాదు. ఆమె తండ్రి చిన్నారావు గరివిడి దగ్గర్నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో బొగ్గుని కోకుగా మార్చే కోకోవెన్ల దగ్గర ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు కాబట్టి హైడ్రోజన్‌ని ఉదజని అనేవాడు. బొగ్గు కాలిస్తే వచ్చే గ్యాసులో సగానికి పైగా ఉదజనేననీ, దాన్ని పట్టి మళ్ళీ ప్లాంటులోనే మండిస్తారనీ కూతురికి చెప్పి మురిసిపోయేవాడు. ఉదజని అంటే నీటిని పుట్టించేది. గాల్లో మండితే మిగిలేది నీళ్ళే కదా మరి. ఆ మురిపెం కూతురికి అంటుకుంది. హిందీ మీడియంలో కెమిస్ట్రీ డిగ్రీ చేసింది, టీచరవుదామనుకుంది. నాలుగు ప్రైవేటు స్కూళ్ళలో నిలబడలేక, ఆఖరికి ఈ వర్క్‌షాపుకి వచ్చిపడింది. సాయంత్రాలు మాత్రం పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పడం మానలేదు. భర్త సతీష్‌కుమార్ స్మృతి నగర్ హాస్టళ్ళలో కరెంటు పనులు చేస్తాడు. ఆయన నెమ్మది మనిషి. ఒకే ఇంట్లో ఇద్దరూ తిరుగుతూ ఉంటే ఇల్లు పట్టదని ఆయన కూర్చోవడం నేర్చుకున్నాడేమోనని నాకు అనుమానం.

ఇంద్రాణి వచ్చేనాటికి ఆ చిన్న ఓవెన్‌కి ఇంకో ఉపయోగం ఉండేది. వెల్డర్లంతా పొద్దున్నే తమ టిఫిన్ డబ్బాలు అందులో పెట్టేసేవాళ్ళు. మధ్యాహ్నానికి రొట్టెలూ కూరలూ పొగలు కక్కుతూ ఉండేవి, రాడ్లు ఉల్లిపాయ వాసన కొట్టేవి. ఇది ఈ ఊరి వర్క్‌షాపులన్నిటికీ ఉన్న అలవాటే, ఎవరూ తప్పనుకోరు. ఇంద్రాణి మొదటి వారంలోనే తలుపుకి తాళం వేసింది. బతిమాలారు, తిట్టారు, యజమాని శేఠ్‌కి ఫిర్యాదు చేశారు, ఆమె చలించలేదు. శంకరరావు అనే పెద్ద వెల్డరు తాళం తీసి ఉన్న క్షణం చూసి డబ్బా లోపలికి తోస్తే, దాన్ని తీసి వానలో పెట్టింది. ఆయన మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. బొబ్బిలి వైపు మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళ పనితనం. తన వెల్డు ఒక్కటీ పగల్లేదని చెప్పుకోని రోజు ఉండదు. అదే ఆయన ఆస్తి. తర్వాత ఇద్దరికీ రాజీ కుదిరింది, ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. పదకొండేళ్ళుగా ఆ ఓవెన్‌లోకి అన్నం మెతుకు వెళ్ళలేదు.

పోయిన శ్రావణంలో ఒక సోమవారం దాకా.

ఆ రోజు వాన తెరిపి ఇవ్వలేదు. ఇంద్రాణికి మూడు రోజులుగా జలుబు, గొంతు పూడుకుపోయింది. వేడిగా ఏదైనా దిగితే బాగుండునని పొద్దున్నుంచీ అనుకుంటోంది. పదకొండు గంటలకి అటూ ఇటూ చూసి, తన పప్పుచారు డబ్బాని చిన్న ఓవెన్‌లో రాడ్ల పక్కన పెట్టి తలుపు వేసేసింది. రెండు గంటల సేపే కదా, మూత గట్టిదే కదా అనుకుంది. పదకొండేళ్ళ పాటు ఇతరులు చెబితే ఒప్పుకోని మాటలివి.

మూత గట్టిది కాదు. ఒంటిగంటకి తలుపు తీసేసరికి పప్పు వాసనతో చెమ్మ మొహానికి తగిలింది. డబ్బా పక్కకి ఒరిగిపోయి, పప్పుచారు అరల మీద పారుతోంది. గబగబా పాత గుడ్డతో తుడిచేసింది. పారిన పప్పు పారినట్టే గుడ్డకి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే శంకరరావు రాడ్ల కోసం వచ్చి నిలబడ్డాడు. రాయపూర్ వైపు ఒక రోలింగ్ మిల్లుకి లిఫ్టింగ్ బీము చేస్తున్నారు. ఇనుప కట్టల్ని ఎత్తి మనుషుల నెత్తిన ఆ చివర్నుంచి ఈ చివరకి మోసుకుపోయే బీము అది. దానికి రెండు వైపులా చెవుల్లాంటి మందపాటి పలకలు అతకాలి, కొక్కెం పట్టేది అక్కడే. ఒక చెవి పొద్దున అతికేశాడు. రెండోదాన్ని గ్యాసు మంటతో వేడి చేసి సిద్ధంగా ఉంచుకున్నాడు. అది చల్లారితే మళ్ళీ మొదటికొస్తుంది, త్వరగా కానిమ్మన్నాడు. ఇంద్రాణి వీపుతో ఓవెన్ తలుపుకి అడ్డం నిలబడి ముప్పై రాడ్లు తీసి ఇచ్చేసింది. ఆ రాడ్లు వద్దు, పెద్ద ఓవెన్‌లో మళ్ళీ కాల్చి ఇస్తాను అనడానికి ఒక్క నిమిషం పట్టేది. ఎందుకు అని అడిగితే జవాబు చెప్పాలి కదా. ఆ జవాబుకి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే పరీక్ష పెట్టేశారు. ఇన్‌స్పెక్టర్ నరేంద్ర కుర్రవాడు, పని తెలిసినవాడే. రెండు చెవుల దగ్గరా ఎర్ర మందు పూసి, ఆగి, తుడిచి, తెల్ల మందు చల్లాడు. సన్నని పగులున్నా అందులో దాక్కున్న ఎరుపు తెలుపు మీదికి పాకి గీతలా కనబడుతుంది. ఏ గీతా రాలేదు. రెండు రోజులు ఆగాలి కదా అని ఇంద్రాణి మాటవరసకి అన్నట్టు అడిగింది. రెండింటికి లారీ వచ్చేస్తోందనీ, శేఠ్ తొందరపెడుతున్నాడనీ, కాగితం మీద తారీఖు సర్దేస్తాననీ అతను చెప్పాడు.

ఇంద్రాణి ఓవెన్ దగ్గర్నుంచి గేటుకీ, గేటు నుంచి బీముకీ, బీము నుంచి మళ్ళీ ఓవెన్‌కీ తిరిగింది. బీము పసుపు రంగు వేసుకుని ముద్దుగా పడి ఉంది. దాని లోపల ఏం జరుగుతోందో ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది, అదే ఆమె ఖర్మ. తెలియనివాడు హాయిగా అన్నం తింటాడు. పదకొండున్నరకి ఇక తట్టుకోలేక శంకరరావుని టీ బండి వెనక్కి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన ముందు నవ్వాడు. "నువ్వా? పప్పుచారా?" అన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "పప్పు ఒలికిందనీసి బీము పగిలిపోద్దేటి? ఊరుకో."

"పగలొచ్చు బాబాయ్. పగలకపోవచ్చు. నాకు తెలీదు, అదే భయం."

"ఇప్పుడు నువ్వెల్లి సెప్తే అందరూ నా సెయ్యినే సూస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక్క మచ్చ లేదు. ఇంకో ఏడాది ఒగ్గెయ్, నాను ఇంటికెళ్ళిపోతాను. నీ నోటితోటి నా సెయ్యి పాడుసెయ్యకు."

ఆయన అడిగింది చిన్న కోరిక కాదు. ఇంద్రాణికి ఏడుపొచ్చింది. ఏడవడానికి ఎక్కడైనా నిలబడాలి, అదీ కుదరక నేరుగా శేఠ్ గదిలోకి నడిచింది. శేఠ్ అంతా విన్నాడు, తర్వాత అరిచాడు. లారీ ఆపితే పార్టీ ఊరుకోదన్నాడు, నీ పప్పుకోసం నా పేరు పోవాలా అన్నాడు. కానీ ఆమె రాతపూర్వకంగా ఇస్తానని కాగితం తీసేసరికి మెత్తబడ్డాడు, అలాంటి కాగితం ఆఫీసులో ఉండటం ఎవరికీ మంచిది కాదు. బుధవారం మూడింటి దాకా బీము కదలదన్నాడు. అప్పటికి పగులు కనబడకపోతే గురువారం నుంచి ఆమె పనిలోకి రానక్కర్లేదని కూడా అన్నాడు.

అరగంటలో షాపంతా తెలిసిపోయింది. పదకొండేళ్ళ కసి తీరా నవ్వారు. ఒకడు వచ్చి తన టిఫిన్ డబ్బాని రెండు చేతులతో ఆమెకి అందించి, మేడం, కొంచెం వేడిచేసి పెట్టండి అన్నాడు. శంకరరావు మాత్రం నవ్వలేదు, ఆమె వైపు చూడనూ లేదు.

ఆ సాయంత్రం ట్యూషన్‌కి ఆరుగురు పిల్లలొచ్చారు, వాళ్ళలో తన కూతురు ఛాయ ఒకతి. కర్మ కాలి ఆ రోజు పాఠం హైడ్రోజన్. ఇంద్రాణి గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తూ చెబుతుంటే పిల్లల తలలు ఇటూ అటూ తిరుగుతున్నాయి. మండుతుంది, మండితే నీలి మంట, కంటికి ఆనదు. గొట్టంలో పట్టి అగ్గిపుల్ల చూపిస్తే టప్‌మంటుంది. నత్రజనితో కలిపితే అమ్మోనియా, అందులోంచి యూరియా, అంటే మనం తినే అన్నం. నూనెలోకి పంపితే డాల్డా. రాకెట్లకి ఇంధనం. వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి కరెంటు తయారుచేసే పెద్ద యంత్రాల్ని చల్లబరచడానికి వాడతారు. రేపో మాపో బొగ్గు బదులు దీంతోనే ఇనుము తీస్తారట, అప్పుడు ఈ ఊరికి పొగ తగ్గుతుంది. చెబుతూ చెబుతూ ఆగిపోయి, ఇనుములో దూరితే మాత్రం పగలగొడుతుంది అంది.

ఛాయ పుస్తకం తిరగేసింది. "మమ్మీ, అది బుక్‌లో లేదు. ఎగ్జామ్‌లో రాదు కదా, ఛోడో."

"రాదు. అయినా రాసుకో," అంది ఇంద్రాణి.

పిల్లలు వెళ్ళాక సతీష్‌కుమార్ ఆమెకి పళ్ళెం పెట్టి, తిను అన్నాడు. ఆమె పళ్ళెం పట్టుకుని పెరట్లో తిరిగింది. అప్పుడు మనసులోకి ఒక కోరిక వచ్చింది. ఆ బీము పగిలితే బాగుండును. పగిలితే తను చెప్పింది నిజమవుతుంది, ఉద్యోగం ఉంటుంది, నవ్విన నోళ్ళు మూతపడతాయి. మరుక్షణం శంకరరావు మొహం గుర్తొచ్చింది. ఆ మనిషి ఒక్కగానొక్క గర్వాన్ని తన జీతం కోసం పగలగొట్టమని దేవుణ్ణి అడుగుతోంది తను. పోనీ పగలకూడదని కోరుకుందామంటే, అదీ నోటికి రావడం లేదు. తన మీద తనకే అసహ్యమేసి పళ్ళెంలో అన్నం కుక్కకి వేసేసింది.

బుధవారం మూడు కొట్టేసరికి బీము చుట్టూ పదిహేనుమంది చేరారు. పని ఆపి రావద్దని శేఠ్ అనలేదు, ఆయనే ముందు నిలబడ్డాడు. నరేంద్ర చెవుల మీది పసుపు రంగు గీకించి, మొదట రెండో చెవిని, అంటే సోమవారం మధ్యాహ్నం అతికినదాన్ని పట్టాడు. ఎర్ర మందు పూసి, పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల మందు చల్లాడు. అందరూ వంగి చూశారు. తెలుపు తెలుపుగానే ఉంది. ఇంకో పది నిమిషాలు చూశారు, చుక్క ఎరుపు లేదు. శేఠ్ ఇంద్రాణి వైపు ఒకసారి చూశాడంతే, అనాల్సింది మంగళవారమే అన్నాడు కదా. శంకరరావు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అది చూసి ఇంద్రాణికి, చిత్రం, సంతోషమేసింది. ఉద్యోగం పోయినా ఈ ముసలాయన చెయ్యి నిలబడింది, బీము కిందికి వెళ్ళేవాళ్ళ ప్రాణాలు నిలబడ్డాయి. రెండు రోజుల్లో మొదటిసారి ఆమె కాళ్ళు ఒక చోట ఆగాయి.

నరేంద్ర పని సగంలో వదిలే రకం కాదు. కాగితం మీద రెండు చెవులున్నాయి కదా అని మొదటిదానికీ మందు పూశాడు. తెల్ల మందు ఆరుతూ ఉండగానే వెల్డు అంచున ఒక ఎర్ర గీత పైకి తేలింది. బొటనవేలంత పొడవు, తల వెంట్రుకంత సన్నం. అతను తుడిచి మళ్ళీ చేశాడు. గీత మళ్ళీ వచ్చింది, ఇంకొంచెం స్పష్టంగా.

శంకరరావు అక్కడే ఇనుప దిమ్మ మీద కూలబడ్డాడు. "అది పొద్దుటిది," అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

అవును, అది పొద్దుటిది. దానికి రాడ్లు ఎనిమిది గంటలకి ఇచ్చింది, పప్పుచారు లోపలికి వెళ్ళింది పదకొండింటికి. అంటే ఆ చెమ్మ పప్పుచారుది కాదు. ఇంద్రాణి ఓవెన్ దగ్గరికి పరుగెత్తింది. నూట ఇరవై డిగ్రీల ఇనుము మీద ఒలికిన పప్పు రెండు గంటల పాటు పారుతూ ఉండదు. పది నిమిషాల్లో మాడి అంటుకుపోవాలి. గుడ్డతో తుడిస్తే వచ్చేసిన పప్పుని చూసి కూడా ఆ రోజు ఆమెకి బుర్ర వెలగలేదు, సిగ్గు అంతగా కమ్మేసింది. ఓవెన్ మీది ముల్లు నూట ఇరవై చూపిస్తోంది. వేడి చూడటానికి వెల్డర్లు ఒక సుద్దముక్క వాడతారు, నూట పది డిగ్రీల ఇనుముకి తగిలితే అది కరుగుతుంది. దాన్ని తెచ్చి లోపలి అర మీద గీసింది. పొడిగా, పలక మీద గీసినట్టు పడింది. చేతితొడుగు తీసేసి రాడ్ల కట్టని ఉత్త చేత్తో పట్టుకుంది. గోరువెచ్చగా ఉంది. ఓవెన్ స్విచ్చి ఆపేసి, తలుపు తెరిచే ఉంచి, కాసేపు చూసింది. ముల్లు నూట ఇరవై దగ్గరే ఉంది.

వెనకే వచ్చినవాళ్ళంతా చూశారు. అడుగున వేడిచేసే కాయిలు ఒకటి ఎప్పుడో కాలిపోయింది, ముల్లు ఎప్పుడో బిగుసుకుపోయింది. ఫిబ్రవరిలో సర్వీసు చేసినప్పుడు బాగుంది, ఆ తర్వాత ఎవరూ చూడలేదు. ముల్లుని నమ్మి ఆమె చూడలేదు, ఆమెని నమ్మి మిగతావాళ్ళు చూడలేదు. శేఠ్ గొంతు మారిపోయింది. దీదీ లేకపోతే ఎంత ఘోరం జరిగేదో అన్నాడు, గురువారం సంగతి ఊసెత్తలేదు. నవ్వినవాళ్ళు పప్పుచారే కాపాడిందని మళ్ళీ నవ్వారు, ఈసారి ప్రేమగా. శంకరరావు లేచి వచ్చి సుద్ద గీతని వేలితో తడిమాడు.

"నా సెయ్యి కాదు గదా అమ్మా?" అని అడిగాడు.

"నీ చెయ్యి కాదు బాబాయ్. నాది."

అందరూ ఇక ఊపిరి పీల్చుకున్నట్టే ఉన్నారు. పొరపాటు దొరికింది, బీము ఆగింది, పగిలిన చోట చెక్కేసి మళ్ళీ అతికితే సరిపోతుంది. ఇంద్రాణి మాత్రం తను రాసుకున్న పుస్తకం తీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. వానలు మొదలైంది జూన్ మూడో వారంలో. అప్పట్నుంచి ఈ పొయ్యిలోంచి రాడ్లు తీసుకుని వెళ్ళిన మందపాటి పనులు నాలుగు. ఆమెకి పుస్తకం చూడకుండానే గుర్తున్నాయి. అన్నీ కొక్కేలూ, బీములే. అన్నీ ఈపాటికి మనుషుల నెత్తిన తిరుగుతూనే ఉంటాయి.

నరేంద్ర ఆమె భుజం మీదుగా చూసి, ఆమె ఏం చేస్తోందో గ్రహించి గొంతు తగ్గించాడు. వాటికి అప్పుడు పరీక్షలు అయిపోయాయి, కాగితాలు వెళ్ళిపోయాయి, కదిపితే షాపు మూతపడుతుంది అన్నాడు. "ఇప్పటిదాకా ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు కదా, దీదీ."

"కొక్కెం కింద ఉన్నవాడు కంప్లైంట్ ఎప్పుడు చేస్తాడు నరేంద్రా?"

శేఠ్ గదిలోంచి ఆమెని పిలుస్తున్నాడు, మిఠాయి తెప్పించాడట. ఇంద్రాణి గేటు వైపు నడుస్తూ ఫోన్ తీసింది. మొదటి నంబరు దుర్గ్ దగ్గర ఒక ఇనుప గోదాముది, జూలైలో వాళ్ళకి అయిదు టన్నులు ఎత్తే కొక్కెం వెళ్ళింది. అవతల ఎవరో ఎత్తి, ఎవరు మాట్లాడేది అని విసుక్కున్నారు. వెనక క్రేను గంట మోగుతూ వినిపిస్తోంది.

"నా పేరు తర్వాత చెబుతాను," అంది ఇంద్రాణి హిందీలో. "ముందు ఆ కొక్కెం కింద నుంచి మనుషుల్ని పక్కకి రమ్మనండి."